ఒక్క పనికే అనుమతి

బనగానపల్లె మామిడి మండీలో కరెంటు పోయి వచ్చిందంటే లారీ కాటా దగ్గరి కంప్యూటరు మొండికేసేది. బరువు చదివే ప్రోగ్రాము ఆగిపోయేది. అది లైనక్స్ యంత్రం. ఆ ప్రోగ్రామును మళ్ళీ నడిపే అధికారం అడ్మినిస్ట్రేటరుదే. ఆ అడ్మినిస్ట్రేటరేమో డోన్ కాలేజీలో పాఠాలు చెప్పే మహానంది. కాటా దగ్గర కూర్చునే సుప్రజ ఫోన్ చేస్తే, ఆయన క్లాసు ముగించుకొని అక్కడినుంచే దాన్ని లేపాలి. అంతసేపూ లారీలు ఎండలో, లారీల్లో కాయలు, కాయల పక్కన రైతులు.

మహానంది కంటి ఆపరేషనుకు కర్నూలు వెళ్తున్నాడని తెలిసి, మండీ యజమాని బసవన్న అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డే ఇచ్చిపొమ్మన్నాడు. మహానంది ఒప్పుకోలేదు. అది చేతిలో ఉన్నవాడు తూచిన బరువులనూ మార్చగలడు. దానికి బదులు ఒక సాయంత్రం వచ్చి, సుప్రజ పేరు మీద ఒక్క పనికి అనుమతి రాసిపెట్టాడు: కాటా ప్రోగ్రామును మళ్ళీ నడపడం.

"ముందర సుడో అని కొట్టు, అడ్మినిస్ట్రేటరు బదులు ఈ పని చేస్తాండానని యంత్రానికి చెప్పే మాట అది. పాస్‌వర్డు అడుగుతాది. నాది కాదు సుప్రజా, నీదే. వచ్చింది నువ్వేనా కాదా అని చూసుకుంటాది, అంతే."

ఆయన ఆపరేషను రోజే కరెంటు పోయి వచ్చింది. లారీలు గేటు దాకా నిలిచాయి. కాటా ఆగితే మర్నాటినుంచి ఆ కుర్చీలో తన మేనల్లుడు కూర్చుంటాడని బసవన్న అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఇప్పుడు వచ్చి ఆమె వెనకే నిలబడ్డాడు.

సుప్రజ కమాండు కొట్టి, తన పాస్‌వర్డు కొట్టింది. తెర మీద ఒక్క చుక్కయినా పడలేదు.

"కీబోర్డు సచ్చినట్టుండాదే" అన్నాడు బసవన్న.

పాస్‌వర్డు కనపడకూడదనే అట్లా పెట్టారని చెప్పి, ఆమె ఎంటర్ నొక్కింది. కాటా అంకెలు వెలిగాయి. మొదటి లారీ తిమ్మయ్య అనే రైతుది. బరువు పడింది.

బసవన్న మొహం విప్పారింది. వంగి, గొంతు తగ్గించాడు. "ఇంత చేతనైనదానివి, ఆ తిమ్మయ్య బరువులో రెండు క్వింటాళ్ళు తగ్గించలేవా?"

"దానికి నాకు అనుమతి లేదన్నా."

"కొట్టి చూడు, ఏం పోతాది?"

సుప్రజ చేతులు కీబోర్డు మీదే ఉంచింది. "కొడతా. అది ఒప్పుకోదు. ఒప్పుకోకపోగా, సుప్రజ ఇట్లా అడిగిందని రాసి పెట్టుకుంటాది. సార్ చూసి, ఎవరు అడగమన్నారంటే మీ పేరు చెప్పాల నేను. కొట్టమంటారా?"

బసవన్న తెర వంక చూశాడు. కిటికీలోంచి, లారీ నీడన నిలబడి తలపాగాతో మెడ తుడుచుకుంటున్న తిమ్మయ్య వంక చూశాడు.

"మా మేనల్లునికి ఈ పని కుదరదులేమ్మా, నువ్వే చూసుకో" అని, పోతూ పోతూ టేబుల్ ఫ్యాను ఆమె వైపు తిప్పిపోయాడు.

సుప్రజ చీటీ తీసి కిటికీలోంచి అందించింది. పడిన బరువు పడినట్టే ఉంది. తిమ్మయ్య పెదవులు కదుపుతూ దాన్ని చదువుకొని, లారీ ముందుకు పోనిమ్మని డ్రైవరుకు చెయ్యి ఊపాడు.