కారం పడని మనిషి

కొంటా రేవులో ఇర్మె పులుసు దించిందంటే అవతలి ఒడ్డున పిల్లులన్నీ ఈత నేర్చుకునేవని చెప్పుకుంటారు. మరీ అంత అబద్ధం పనికిరాదు. ఈత నేర్చుకున్న పిల్లి ఒక్కటే. మిగతావి పడవ కోసం కాచుకు కూర్చునేవి.

బస్తరు సంస్థానానికి కొంటా దక్షిణపు కొస. శబరి ఏటి మీద టేకు దుంగల తెప్పలు దిగువకు పోయేవి, రాజమండ్రి ఉప్పు పడవలు ఎగువకు వచ్చేవి. వచ్చేవాడికీ పోయేవాడికీ కడుపులోకి నాలుగు వేడి మెతుకులు దొరికే చోటు రేవుగట్టు మీద ఒకటే ఉండేది. అది ఇర్మె పూటకూళ్ళ పాక. మూడు వరసలకు సరిపడే పాకలో బేస్తవారం సంతనాడు అయిదు వరసలు కూర్చునేవాళ్ళు. నీ మోచెయ్యి నా పులుసులో, నా మోకాలు నీ విస్తట్లో. ఆమె మొగుడు, కోస అనేవాడు, తెల్లవారకముందే వల వేసి వాలుగలో, బొచ్చెలో, కొర్రమీనులో పట్టుకొచ్చేవాడు. ఇర్మె వండి వడ్డించేది. ఆమె అత్త పేరు దేవే, పొయ్యి పక్కన పీట మీద కూర్చునేది. ముసలిదానికి చూపు పోయి చాలా కాలమైంది. ఆ పోయిన చూపు కూడా వచ్చి చెవుల్లో చేరిందనేవాళ్ళు.

ఆ పాకకు ఒక కట్టుబాటు ఉండేది. ఆనాడు పడ్డ చేపల్లో అన్నిటికన్నా పెద్దదాని తలకాయ ఎవరు అడిగినా అమ్మరు. తింటూ కూర్చున్నవాళ్ళలో అందరికన్నా పెద్ద అబద్ధం చెప్పినవాడి విస్తట్లో అది పడాలి. తీర్పు దేవేది. అబద్ధం నచ్చితే గరిటె కాడతో చట్టి అంచు మీద టక్కుటక్కుమని రెండుసార్లు కొట్టేది. ఇక దాని మీద రాజుగారి జగదల్‌పూర్ దాకా పోయినా అప్పీలు లేదు.

ఆరేళ్ళుగా ఆ తలకాయల్లో మూడొంతులు రామనాథమే తిన్నాడు. రాజమండ్రి షావుకారుకు కొంటాలో ఉన్న ఉప్పుకొట్టుకు అతను కాపలాదారు. షావుకారు ఎలా ఉంటాడో ఎవరూ చూడలేదు గనక ఊరంతా ఇతన్నే సావుకారీ అని పిలిచేది. యాభై దాటిన మనిషి. వరదల్లో ఒక బొచ్చెచేప కొట్లోకి దూరి మూడు బస్తాల ఉప్పు తిని, కప్పెక్కి ఎండలో ఆరి, ఉప్పుచేపై దిగొచ్చి, “నన్ను ఎంతకు అమ్ముతావు సావుకారీ?” అని తననే బేరమాడిందని చెప్పినవాడు ఇతనే. ముక్క నములుతూ, మధ్యలో ముల్లు తీసి విస్తరి అంచున పెడుతూ, పక్కింటి సంగతి చెబుతున్నట్టు చెప్పేవాడు.

తిని లేచేటప్పుడు ఇర్మె అతని చేతికి ఒక దొప్ప ఇచ్చేది. అడ్డాకు దొప్ప, పైన ఇంకో ఆకు మూసి నారతో కట్టింది. అందులో పులుసు వేరే చిన్నచట్టిలో కాసింది. కారం ఉండదు. “అమ్మగారికి పడదు గద,” అనేది. అమ్మగారంటే రామనాథం భార్య జ్ఞానప్రసూన. ఒంట్లో నలత మనిషి, గడప దాటదు, మిరపచెట్టును చూస్తేనే తుమ్ములొస్తాయి.

జ్ఞానప్రసూన అనే మనిషి రామనాథం ఇంట్లో లేదు. ఏనాడూ లేదు.

షావుకారు ఇంకో అడవి కొట్టునుంచి కొంటాకు మార్చాక, మొదటిసారి ఆ పాకకు వచ్చిన రోజున ఇర్మె అతని విస్తట్లో ఒక ముక్క కొసరు వేసి, పక్కనున్నవాళ్ళు వినేట్టు “పాపం, ఒంటి మనిషి” అంది. ముక్క మంచిదే, నడుము ముక్క. ఆ మాటే ముల్లులా అడ్డం పడింది. ఒంటి మనిషినని ఎవరన్నారు, ఇంట్లో నా భార్య లేదూ అన్నాడు. పేరేమిటని ఇర్మె అడిగింది. నోటికి వచ్చిన పేరు అది. పాతికేళ్ళ కిందట రాజమండ్రిలో పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు చాప మీద తల వంచుకుని కూర్చున్న పిల్ల పేరు. ఆ అడవిలో పులులుంటాయట గదా అని పిల్ల తండ్రి అడిగితే, మా కొట్లో ఉప్పు అరువు తీసుకునేది అవేనండీ అన్నాడు రామనాథం. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. కబురు మాత్రం రాలేదు.

అలా ఒకసారి కాపురానికి తెచ్చిన మనిషిని మళ్ళీ పుట్టింటికి పంపడం ఎలాగో అతనికి తెలియలేదు. కారం పడదని ఎందుకన్నాడో కూడా తెలియదు. ఇర్మె ఆనాడే భార్యకని ఒక దొప్ప కట్టబోతుంటే, వద్దనడానికి తోచిన సాకు అది. ఇర్మె ఊరుకునే రకమా? వచ్చే బేస్తవారానికల్లా వేరే చట్టి పెట్టింది. అప్పటినుంచీ ప్రతి శుక్రవారం పొద్దున రామనాథం చల్లారిన చప్పిడి పులుసులో చద్దన్నం కలుపుకుని, మొహం చిట్లించుకుని, తన పెళ్ళాం వంతు తానే తినేవాడు. పారేస్తే కోళ్ళు కెలికి ఊరికి చెబుతాయి.

ఇలా ఆరేళ్ళు గడిచాక సర్కారు మనుషుల్ని లెక్కపెట్టడానికి పూనుకుంది. సుక్మా వైపునుంచి బుధ్రాం అనే బడిపంతులును కొంటాకు పంపారు. ఇంట్లో హల్బీ భాష, బయట హిందీ మాట్లాడేవాడు, తెలుగు అంతంతమాత్రం. ఎర్రమట్టి ముంత పట్టుకుని గోడల మీద అంకెలు వేస్తూ ఒక బేస్తవారం పొద్దున ఉప్పుకొట్టు వెనకున్న ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని కాగితాలు పరిచి, ఇంట్లో ఎంతమంది అని అడిగాడు.

రామనాథం లెక్క వేసుకున్నాడు. ఇద్దరని చెప్పొచ్చు. చెబితే ఆమె వయసు అడుగుతారు, పుట్టిన ఊరు అడుగుతారు, చదువొచ్చా అని అడుగుతారు. ఆరేళ్ళ కాపురంలో ఆమెకు నలత ఇచ్చాడు, తుమ్ములు ఇచ్చాడు, అలకలు ఇచ్చాడు. వయసు మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. చాప మీద కూర్చున్ననాటి వయసే ఆమెకు ఉండిపోయింది. అంత చిన్న పిల్లను కాగితం మీదికి ఎలా ఎక్కించడం?

“ఏక్,” అన్నాడు. “ఒక్కణ్ణే.”

బుధ్రాం తలెత్తకుండా రాసుకుని, గోడ మీద అంకె వేసి, పక్క ఇంటికి పోయాడు. ఆ మాట అతనికి రోజూ ఉండే ఎండా వానా లాంటిది. రామనాథానికి మాత్రం అది నోట్లోనే ఉండిపోయింది. ఉప్పు తూస్తున్నా ఉంది, తలుపు తాళం వేస్తున్నా ఉంది. దాన్ని నోట్లో పెట్టుకునే మధ్యాహ్నం ఇర్మె పాకకు వెళ్ళాడు.

పాక కిటకిటలాడుతోంది. కోసకు ఆనాడు మనిషి తొడంత వాలుగ పడింది. దాని తలకాయ ఒక చట్టిలో పట్టక మూతి బయటికి పెట్టి అందర్నీ చూస్తోంది. రామనాథానికి ఎడమ పక్కన తెప్పలు నడిపే హిడ్మా కూర్చున్నాడు. కుడి పక్కన చోటు లేదు గానీ, ఇర్మె అందర్నీ అటు జరిపి ఇటు జరిపి ఒక మనిషికి చోటు చేసింది. ఆ మనిషి బుధ్రాం. కాగితాల కట్ట తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

రామనాథం చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

వడ్డిస్తూ వడ్డిస్తూ వచ్చి ఇర్మె బుధ్రాం ముందు నిలబడింది. ఊళ్ళో ప్రతి ఇంటికీ పోయినవాడు దొరికితే ఆడమనిషి ఊరుకుంటుందా?

“పంతులూ, ఉప్పు సావుకారి ఇంటికి గూడ పోయినవ్ గద. అమ్మగారు ఎట్లుంది? ఆరేండ్ల సంది పులుసు పంపుతున్న, మొకం సూసింది లేదు.”

బుధ్రాం ఆమె వంక చూశాడు, తరవాత రామనాథం వంక చూశాడు. పులుసులో పడ్డ ముల్లు తీసి నెమ్మదిగా పక్కన పెట్టాడు.

“సర్కారీ బాత్ హై, బాయీ,” అన్నాడు. “కాగజ్ లోపలిది బయట చెప్పకూడదు. నౌకరీ పోతుంది.” అని కాగితాల కట్టను తొడ కిందికి ఇంకాస్త తోసుకున్నాడు.

ఇర్మె మూతి విరిచి ముందుకు పోయింది. రామనాథం మళ్ళీ అన్నం కలిపాడు. బతికిపోయాడు. అక్కడితో తిని, దొప్ప పుచ్చుకుని ఇంటికి పోతే జ్ఞానప్రసూన ఇంకో పదేళ్ళు సుఖంగా బతికేది.

అప్పటికి అబద్ధాల పందెం మొదలైంది. హిడ్మా ఎత్తుకున్నాడు. చీకట్లో మొద్దనుకుని తాను తెప్ప కట్టేసింది ఒక వాలుగ మీసానికట. అది నిద్రలేచి తెప్పను భద్రాచలం దాకా ఈడ్చుకుపోయి, రేవులో స్నానం చేయించి, దర్శనం ఆలస్యమవుతుందంటే ఆగి, మర్నాడు మళ్ళీ కొంటాలో దింపిందట. సాక్ష్యం ఏదిరా అంటే, అదిగో చట్టిలోంచి చూస్తోంది దాని మనవరాలే అన్నాడు. పాకంతా గొల్లుమంది. దేవే గరిటె ఎత్తింది గానీ కొట్టలేదు. సావుకారి వంతు కానీ అంది.

రామనాథం దగ్గర ఆనాటికి ఒక మొసలి కథ సిద్ధంగా ఉంది. దాన్ని మొదలు పెట్టాలనే నోరు తెరిచాడు. పొద్దుటినుంచి నోట్లో ఉన్న మాట ముందుగా బయటికి వచ్చింది.

“నాకు పెళ్ళాం లేదు,” అన్నాడు. “జ్ఞానప్రసూన అనే మనిషి నా ఇంట్లో లేదు. ఆరేళ్ళుగా ఆ దొప్ప నేనే తింటున్నాను. నా ఇంట్లో నేను ఒక్కణ్ణే.”

పాక విరగబడి నవ్వింది. తెప్పలవాళ్ళు తొడలు చరుచుకున్నారు. పొలమారినవాడి వీపు ఇద్దరు గుద్దారు. అమ్మగారు వింటే ఇయ్యాల సావుకారికి గడప బయటే పడక అని ఎవడో అన్నాడు. మీసం వాలుగను మించిన అబద్ధం ఇదేనని హిడ్మా కూడా చేతులెత్తేశాడు. ఇర్మె నవ్వు ఆపుకోలేక తలకాయను గరిటెతో ఎత్తి పట్టుకుని వచ్చింది. బుధ్రాం ఒక్కడే తన విస్తట్లోకి చూస్తూ కూర్చున్నాడు.

చట్టి అంచు మోగలేదు.

“ఏందత్తా, కొట్టు,” అంది ఇర్మె.

“అది అబద్ధం కాదు,” అంది దేవే. “ఆరేండ్ల సంది ఇంటున్న. అబద్ధం చెప్పేటప్పుడు ఈ బిడ్డ దవడ ఆగదు, నములుకుంటనే చెప్తడు. ఇయ్యాల నమలుడు ఆగింది. తలకాయ హిడ్మాకు ఎయ్యి.”

నవ్వు ఎక్కడిదక్కడ తెగింది. ఇర్మె తలకాయను హిడ్మా విస్తట్లో వేసింది. గెలిచిన హిడ్మా దాన్ని దొంగిలించినవాడిలా తల వంచుకుని తిన్నాడు. ఇర్మె తిరిగొచ్చి రామనాథం ముందు గొంతుక్కూర్చుంది.

“నాకు జెరమొచ్చిన్నాడు గూడ అమ్మగారికని ఆ చప్పిడి చట్టి ఎక్కించిన. ఎవలు తిన్నరది?”

“నేనే.”

“కారం లేకుంటనా?”

“కారం లేకుండానే.”

తిడుతుందేమో అనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె లేచి చిన్నచట్టిని పొయ్యి మీంచి దించి అవతల పెట్టింది. ఆనాడు దొప్ప కట్టలేదు.

ఇంటికి పోయే దారిలో కుడిచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో రామనాథానికి తెలియలేదు. ఆరేళ్ళుగా పులుసు ఒలకకుండా వంచి పట్టుకున్న చెయ్యి అది. వంగినది వంగినట్టే ఉంది. గోడ మీద ఎర్రమట్టి అంకె అప్పటికి ఆరింది. తలుపు తీశాడు. తాను తలుపు తీసిన ప్రతిసారీ ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదన్నది నిజమే గానీ, ఇంతగా లేకపోవడం మాత్రం ఎప్పుడూ లేదు. మర్నాడు చద్దన్నంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకున్నాడు. కారం కారంగానే ఉంది. సగం తిని లేచాడు. ఆ వారమంతా ఎవరో ఊరికి వెళ్ళినట్టు ఉండి, వాళ్ళు ఎప్పుడొస్తారని ఎవరినీ అడగడానికి వీల్లేనట్టు గడిచింది.

వచ్చే బేస్తవారం పోకూడదనుకున్నాడు. మధ్యాహ్నం దాకా అలాగే అనుకున్నాడు. గాలి రేవువైపు నుంచి వీస్తుంటే మనిషన్నవాడు ఎంతసేపని అనుకుంటాడు?

పందెం ఇంకా మొదలు కాలేదు. హిడ్మా జరిగి చోటిచ్చాడు. ఇర్మె ఆకు వేసింది, అన్నం పెట్టింది, ముక్కలు వేసింది. అటు తిరిగినట్టే తిరిగి, వెనక్కి వచ్చి ఒక నడుము ముక్క కొసరు వేసింది. పాపం అనలేదు, ఒంటి మనిషి అనలేదు. రామనాథం ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

“ఇర్మే, ఆ చప్పిడి పులుసు ఒక దొప్పలో కట్టిస్తావా?”

“ఆ చట్టిల కోళ్ళకు నీళ్ళు పెట్టిన,” అంది ఇర్మె. అతని మొహంలోకి చూసింది. “ఇంక ఎవలికది?”

“నాకే,” అన్నాడు రామనాథం, ముక్క నములుతూ.

పొయ్యి పక్కన దేవే తల ఇటు తిప్పింది. గరిటె తిరగేసి పట్టుకుని, చట్టి అంచు మీద టక్కుటక్కుమని రెండుసార్లు కొట్టింది.