పరదేశి కొత్త పేరు

మా ఆయన పేరు పరదేశి. మా అత్తవారిది విజయనగరం వైపు. అక్కడ ఈ పేరు విని ఎవరూ నవ్వరు. మేముండే రాయపూర్‌లో హిందీవాళ్లకు మాత్రం పరదేశి అంటే పరాయి దేశంవాడు. ఆయన పుట్టి పెరిగిన ఊళ్లోనే బ్యాంకు గుమాస్తా దగ్గర్నుంచి పానీపూరీ బండివాడి దాకా "ఏ దేశం భయ్యా మీది?" అని ఇకిలించేవాళ్లే. నాకు ఒళ్లు మండేది.

ఆయన ఫ్యాక్టరీల ఫొటోలు తీస్తాడు. నేను తెలీబంధాలో ఒక ఆఫీసులో వెబ్‌సైట్లు తయారుచేస్తాను. ఊరందరికీ చేసిపెట్టి సొంత మొగుడికి సైటు లేకపోవడం సిగ్గుచేటని ఒక ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. ఈ రోజుల్లో ఎవరూ కంప్యూటరు తెరిచి చూడరు కనక అంతా ఫోనుకు సరిపోయేలా అమర్చాను. పైన పెద్ద అక్షరాల్లో పేరు, దాని కింద వరసగా ఫొటోలు, బొటనవేలికి అందేచోట కాల్ బటన్.

"పేరు ధనుంజయ్ అని పెట్టు," అన్నాడాయన.

"అదెక్కడిది?"

"చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ నా తల నిమురుతూ ఆ పేరే అనేది. నాకు పెట్టాలనుకున్న పేరేమో. చూసి మురిసిపోద్ది."

నాకూ నచ్చింది. పెట్టేశాను. ఆయన వెంటనే తెలిసిన ఫ్యాక్టరీలవాళ్లందరికీ లింకు పంపించాడు.

మా ఇద్దరి ఫోన్లలో సైటు చక్కగా ఉంది. చిన్న తెర మీద ఎలా ఉంటుందో చూద్దామని అత్తయ్య పాత ఫోను తీసుకున్నాను. పేరు రెండు ముక్కలుగా విరిగింది. "ధనుం... జయ్," అని విసుగ్గా పైకే చదివాను.

కత్తిపీట మీద బెండకాయలు తరుగుతున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

"ఏటే మాలతీ, ఏటి సదివేవు?"

చెప్పాను. ఆవిడ కత్తిపీట పక్కకు నెట్టింది.

"ఆడు నా పెద్దకొడుకే. నాలుగేళ్లకే పోయేడు. ఆడి ఎనకాల ఆడపిల్లా పోయింది. అందుకే ఈడు పుట్టగానే చేటలో ఎట్టి, పక్కింటి దాలమ్మకిచ్చీసి, గుప్పెడు తవుడికి మళ్లీ కొనుక్కున్నాను. పరదేశని పేరెట్టేను. ఆళ్లని పట్టుకుపోయింది ఈడి కోసం వొస్తే, ఎవులో పరాయోడనుకుని ఎల్లిపోవాల." గొంతు తగ్గించింది. "ఆ ఫోన్లోది ఎవులికి కనపడతాదే?"

రోజూ కస్టమర్లకు చెప్పే మాటే నోటికొచ్చింది. "అందరికీ అత్తయ్యా. ఎవరు వెతికినా ఇట్టే దొరుకుతాడు."



అప్పుడే వసారాలో ఆయన ఫోను మోగింది. "హాఁ జీ, ధనుంజయ్ బోల్ రహా హూఁ!" అని, ధనుంజయ్‌నే మాట్లాడుతున్నానంటూ హుషారుగా పలికాడు. సిల్తారాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీవాళ్లు సైటు చూశారట. ఉక్కు కరిగించే ఫర్నేసు ఆపి ఉంచారట, ఇవాళే వచ్చి దాని పైకెక్కి ఫొటోలు తియ్యమన్నారట.

అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఎల్లకురా నాన్నా. నువ్వు పరదేశివిరా."

"ఏదైనా అయితే చెప్పడానికి గేటు దగ్గర ఇంట్లోవాళ్ల ఫోను నంబరు రాయించుకుంటారమ్మా. నీదే ఇస్తాలే," అని నవ్వుతూ ఆవిణ్ణి పక్కకు జరిపి బండి తీశాడు.

నేను గబగబా పేరు మార్చాను. ల్యాప్‌టాప్‌లో పరదేశి అని వచ్చింది. నా ఫోనులోనూ వచ్చింది. అత్తయ్య ఫోనులో మాత్రం ధనుంజయ్ కదల్లేదు. ఫోన్లు పాత పేజీని దాచుకుంటాయని నాకు తెలియనిది కాదు. అయినా ఎన్నిసార్లు తెరిచినా అదే పేరు కనబడుతుంటే భయమేసింది.

మధ్యాహ్నం దాటాక ఆ ఫోనే మోగింది. కొత్త నంబరు. స్పీకరు నొక్కాను. అవతల చాలామంది అరుస్తున్నారు.

"ధనుంజయ్ కే ఘర్ సే బోల్ రహే హైఁ?"

ధనుంజయ్ ఇల్లేనా అని అడుగుతున్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య ఫోను లాక్కుంది. "ఇస్ నామ్ కా యహాఁ కోయీ నహీఁ!" ఆ పేరుగలవాళ్లు ఇక్కడెవరూ లేరని అరిచి కట్ చేసింది.

వెంటనే మళ్లీ మోగింది. చెయ్యి చాపాను. ఆవిడ ఫోనుని రెండు చేతులతో పొట్టకి అదుముకుని గోడవైపు తిరిగిపోయింది.

"పిలవనీయే," అంది. "పిలిచేది మనోణ్ణి కాదు."