పొడుగు ఫోటోలో నీడ

స్టవ్ మీద పాలు, చేతిలో ఫిల్ము కడిగే డబ్బా. రెండింటికీ కాపలా ఆవిడే. లోపలి మందు సమంగా పట్టాలంటే డబ్బాను అరనిమిషానికోసారి తలకిందులు చేయాలి. ఈలోగా పాలు పొంగితే హాల్లోంచి అత్తగారి గొంతు పొంగుతుంది. స్టూడియో బోర్డు మీద ఉన్నది భర్త పేరు. పదకొండేళ్లుగా ఫిల్ములు కడిగి ప్రింట్లు తీసేది ఈవిడ. ఎవరైనా అడిగితే ఆయన, "మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ" అంటాడు.

నిన్న సాయంత్రం చుట్టాలు నలభైమంది వరసగా నిలబడ్డారు. ఆ వరస ఎంత పొడుగంటే, ఈ చివర పెదమామగారు తుమ్మితే ఆ చివర చినమామగారికి జలుబు చేరేసరికి వారం పడుతుంది. అందుకే ఆయన వెడల్పు కెమెరా తీశాడు. దాని కన్ను ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూ చూస్తుంది. ఫిల్ము ఎక్కించమంటే, ఆవిడ మామూలుది మాని స్లైడు ఫిల్ము ఎక్కించింది. దాన్ని మామూలు నెగటివ్ మందులో కడిగితే రంగులు దారి తప్పుతాయట. ఎప్పుడో ఆవిడ ఆ మాట చెప్పిననాడు ఆయన నవ్వాడు. "ఉన్న రంగులు నీకు చాలడం లేదా?"

"నువ్వే నొక్కు, నొక్కడానికేముంది" అంటూ నిన్న కెమెరా ఆవిడ చేతికిచ్చి, ఆయన వరస మధ్యలో నిలబడ్డాడు. "జరుగు, నీ నీడ పడుతోంది." కెమెరా పట్టుకున్న మనిషి ఎక్కడికి జరుగుతుంది?

పొద్దున ఖాళీ స్లైడు ఫిల్ము పెట్టె ఆయన కంటపడింది. "మావాళ్ల ఫోటోతో ఆటలా? ఇది పాడైందో, రేపటి నుంచి చీకటిగదికి తాళమే."

అయినా ఆవిడ డబ్బాలో నెగటివ్ మందే పోసింది. ఇంట్లో ఆవిడ లోపలి నుంచి గడియ పెట్టుకోగలిగేది ఆ చీకటిగది ఒక్కటే. తలుపు తీస్తే ఫిల్ము పోతుందన్న భయంతో అక్కడ ఎవరూ తట్టరు, ఎవరూ మంచినీళ్లు అడగరు. అది కూడా పోతే?

మధ్యాహ్నానికి ప్రింటు బల్ల మీదకు వచ్చింది. ఆకాశం ఆకుపచ్చ, మొహాలు తేనెరంగు.

"నేనింత మెరుస్తున్నానేమిటే?" అంది అత్తగారు, ఫోటో వదలకుండా.

ఆయన వంక కోసం వెతికి వెతికి, కింద నుంచి తన మోకాళ్ల దాకా పాకిన సిరాలాంటి ఆవిడ నీడను పట్టుకున్నాడు. "ఇది కోసెయ్."

ఇన్నేళ్లూ తను నొక్కిన ప్రతి ఫోటోలో తన నీడను ఆవిడే కోసింది.

"కోస్తే మోకాళ్ల కింద మీరూ పోతారండీ" అని కత్తెర ఆయన చేతికిచ్చి, చీకటిగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.