తాడు లాగకపోతే

మా వీధిలో నా మొగుడికీ నా తమ్ముడికీ కలిపి ఒకటే పేరు, రైలు. తమ్ముడికి చూపు లేదు. దర్జీ పని చేసే నా మొగుడు మెత్తటి గుడ్డ పేని ఒక తాడు చేశాడు. రెండు కొసలకూ మణికట్టుకు తొడుక్కునే పట్టీలు కుట్టాడు. "బావ నాకు గాజులు తొడిగాడక్కా" అని తమ్ముడు ఒకటే నవ్వు. పొద్దున్నే ఆ తాడుతో ఇద్దరూ పార్కుకు పోయి, చెమటలు కక్కుతూ వచ్చి నా పక్కదుప్పట్ల మీద కూలబడేవాళ్లు. తిట్టేదాన్ని. వింటేగా!

నడకలో వాళ్లకు మాటలుండవు. తాడు ఒకసారి లాగితే జాగ్రత్త. రెండుసార్లు లాగితే ఆగు. అసలు లాగకపోతే దారి బాగుంది, నడువు అని.

ఇంతలో ఆ మాయదారి జబ్బు వచ్చిపడింది. పార్కుకు తాళం వేశారు. ముఖం మీద ఎండ పడితేనే మావాడికి తెల్లవారినట్టు. ఇంట్లో కూర్చోబెట్టేసరికి వాడికి రాత్రీ పగలూ కలిసిపోయాయి. తిండి మానేశాడు. గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఓ రోజు "నేనుండి ఎవరికి లాభం అక్కా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అంతకు మించి భయం వేసింది.

"మేడకి ఎవడూ తాళం వెయ్యలేదుగా!" అన్నాడు నా మొగుడు. మర్నాటి నుంచి రైలు మేడెక్కింది. వారం తిరక్కుండా తమ్ముడు తనంతట తానే ఆకలన్నాడు.

అప్పుడు ఆయనకు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో చోటు లేదు, ఇంట్లోనే విడిగా ఉంచమన్నారు. మేడమీది గదిలో మంచం వేశాను. ఇక నడక ఆగినట్టే అనుకున్నాను. ఆయన ఊరుకుంటేగా! పాత చీర చింపి పొడుగు తాడు పేని, కిటికీ ఊచల్లోంచి బయటికి వదిలాడు. ఒక కొస మంచం మీద ఆయన చేతికి, రెండోది బయట వీడి చేతికి. వీడు పట్టుకునే కొసను రోజూ సబ్బునీళ్లలో ముంచేదాన్ని. తాడు పిట్టగోడ దాకా అందదు కాబట్టి పడిపోతాడన్న భయం లేదు. నీళ్ల గొట్టం దగ్గర ఆయన ఒకసారి లాగేవాడు. వీడికి ఆయాసం వస్తే రెండుసార్లు.

"ఊపిరాడకుండా దగ్గుతూ ఈ ఆటలేంటండీ?" అని తలుపు బయటి నుంచే అరిచాను.

"వాడు నడుస్తుంటే నేనూ నడిచినట్టే ఉందే. నువ్వెళ్లు."

ఆ పొద్దున ఆయనకు వేడి పాలు పట్టుకుని మెట్లెక్కుతున్నాను. తమ్ముడు ఎదురు దిగుతున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, ఇవ్వాళ బావ ఒక్కసారి కూడా లాగలేదు! గొట్టం కూడా నేనే కనిపెట్టి దాటేశాను. తనివితీరా నడిచాను. బావకి నా మీద నమ్మకం కుదిరిందే!"

పాలగ్లాసు వాడి చేతిలోనే పెట్టి పైకి పరిగెత్తాను.

తాడు కొస ఇంకా ఆయన మణికట్టుకే ఉంది. వీడు అటూ ఇటూ నడిచిన లాగుడుకు చెయ్యి కిటికీ దాకా వచ్చి ఊచలకు ఆనుకుంది. చల్లగా ఉంది.

"బావకి తెచ్చిన పాలు నాకిచ్చావేంటే?" కింద నుంచి తమ్ముడి కేక.

నిజం తెలిస్తే వాడు మళ్లీ గడప దాటడు. చీరకొంగు నోట్లో కుక్కుకుని మధ్యాహ్నం దాకా ఆ మంచం పక్కనే కూర్చున్నాను. అప్పుడు దిగి, ఇప్పుడే పోయాడని చెప్పాను. నా మొగుడి కోసం నేను గట్టిగా ఏడవడానికి కూడా అంతసేపు ఆగాల్సి వచ్చింది.

నెల తిరిగింది. వాడు మళ్లీ గోడవైపే తిరిగాడు. ఓ పొద్దున పాత పొట్టి తాడు వెతికి తీశాను. ఒక పట్టీ వాడికి తొడిగి, రెండోది నేను తొడుక్కుని మేడెక్కించాను. మంచి ఎండ. దారిలో ఏమీ లేదు. అయినా అడుగడుక్కీ లాగుతూనే ఉన్నాను.

"అక్కా, ఊరికే లాగకే. లాగకపోతేనే దారి బాగున్నట్టు."

"తెలుసురా" అన్నాను.

మళ్లీ లాగాను.