సగం ఎత్తిన ఘోడా

ఇంట్లో తుపాకి లేకుండానే తుపాకి భయం పట్టుకున్న ఆడమనిషి ఎల్లారెడ్డి ఊరు మొత్తంలో చంద్రవ్వ ఒక్కతే కావచ్చు. ఆ భయమంతా మంచం కింద రేకుపెట్టెలో ఉండేది.

ఆమె పెనిమిటి అబ్రాహాము మిషన్ వాళ్ళ చిన్న దవాఖానలో కంపౌండరు. బీడీ తాగడు, కల్లు ముట్టడు, ఆదివారం చర్చిలో డోలు వాయిస్తాడు. కానీ మందులు తేవడానికి సికింద్రాబాదు పోయినప్పుడల్లా లష్కరు బజారులోని పాత సామాన్ల కొట్లలో దూరేవాడు. తెల్లసిపాయిలు అమ్ముకుని పోయిన పుస్తకాల్లో తుపాకుల చరిత్ర చెప్పే బొమ్మల పుస్తకం దొరికితే చాలు, సంకన పెట్టుకుని వచ్చేవాడు. వత్తి అంటించి పేల్చే కాలం నాటివి, చెకుముకి రాయివి, జంట గొట్టాల షికారు తుపాకులు, ఒక్కొక్కటి విప్పదీసి లోపలి ఎముకలన్నీ చూపించే బొమ్మలు. రేకుపెట్టె నిండా అవే.

జర్మనీతో లడాయి మొదలైన మరుసటేడు అది. కామారెడ్డి స్టేషన్లో పోలీసులు మూటలు విప్పించి చూస్తున్నారని బస్సులో వచ్చినవాళ్ళు చెప్పుకునేవారు. పక్కింటి భూదవ్వ ఒకరోజు నీళ్ళకాడ అడిగేసింది: "మీ ఆయన బందూకులు జమ చేస్తున్నడట, నిజమేనా వదినె?"

చంద్రవ్వ చేతిలో బిందె జారింది. "బందూకులు కావు వదినె, బందూకుల బొమ్మలు. కాయితాలు."

"పోలీసు అమీన్ సాబుకు కాయితమేందో బందూకేందో మనం చెప్పాల్నా?" అంది భూదవ్వ.

ఆ రోజు నుంచి వాకిట్లో చెప్పుల చప్పుడు వినిపిస్తే చంద్రవ్వ ముందు మంచం కిందికి చూసేది, తర్వాతే గుమ్మం వైపు. అవి కాల్చెయ్యమని మొగుడికి చెప్పలేకపోయింది. అతను ఆ పుస్తకాలు ఎందుకు తెస్తాడో ఆమెకు తెలుసు.

అబ్రాహాము తండ్రి మైసన్న షికారులో హాకా కొట్టేవాడు. అంటే డప్పులు వాయిస్తూ, కేకలు పెడుతూ జంతువును దొర ఉన్న వైపు తోలే పని. అబ్రాహాముకు పదేళ్ళప్పుడు గాంధారి అడవిలో హాకా అయిపోయాక మైసన్న చెట్టు కింద కూర్చుని నీళ్ళు తాగుతుంటే, దొర తుపాకి పేలి గుండు అతని మెడలో దిగింది. "దానంతటదే పేలింది" అన్నాడు దొర. కానీ అంతకు ముందు వారమే మైసన్న గడీకి వెట్టికి రానని ఎదురు చెప్పాడు. కావాలనే కాల్చాడని ఊరు గుసగుసలాడింది. దానంతటదే పేలిందా, కావాలని పేల్చాడా అని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆ రోజు వెంట పోయిన అబ్రాహాము, తండ్రి పక్కన ఆ తుపాకి పడి ఉండడం చూశాడు. దాని పక్క పలకమీద వెండితో చెక్కిన జింక ఉంది. చదువు వచ్చాక, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక, అతను ఆ జింకను పుస్తకాల్లో వెతకడం మొదలుపెట్టాడు.

వెతగ్గా వెతగ్గా అది కామారెడ్డిలో దొరికింది. స్టేషన్లో పనిచేసే తెల్లగార్డు ఒకడు ఉద్యోగం వదిలి పోతూ సామాను అమ్ముతున్నాడని తెలిసి, మొగుడూ పెళ్ళాలిద్దరూ పోయారు. చంద్రవ్వ సత్తుగిన్నెలు చూస్తుంటే అబ్రాహాము ఒక లావుపాటి పుస్తకం ముందు కదలకుండా నిలబడిపోయాడు. తిరుగు బస్సులో, తాడ్వాయి దాటాక, పుస్తకం కొద్దిగా తెరిచి చూపించాడు. జంట గొట్టాలు, పలకమీద జింక. ఆ పక్క పేజీలో పలక విప్పిన లోపలి భాగం.

"ఇగో, దీన్ని ఘోడా అంటరు. మీట నొక్కితే ఇది పడి తూటాను కొడతది," అన్నాడు గొంతు తగ్గించి. "పని లేనప్పుడు దీన్ని సగం ఎత్తి పెడతరు. అప్పుడు లోపల గీ చిన్న ముక్క గాటుల పడి, కదలకుంట పట్టుకుంటది. గాటు అరిగితే పట్టు జారుతది. కింద దెబ్బ తగిలితే చాలు, దానంతటదే పేలుతదని రాసిన్రు."

"అయితే మామను..."

"ఏమో. గీ రకం తుపాకి పేలుతదని రాసిన్రు. గా తుపాకి అరిగిందో లేదో పట్టుకుని చూసినోనికే ఎరుక."

ముందు సీటులో ఎవరో తలతిప్పారు. చంద్రవ్వ కొంగుతో పుస్తకం కప్పేసింది.

వారం తిరగకుండానే గడీ నుంచి మనిషి వచ్చాడు. వచ్చినవాడు బీరయ్య, దొర వెంట షికారులో తుపాకి మోసే నడివయసు మనిషి. వాకిట్లో నిలబడి, "కంపౌండరు సాబు, చిన్నదొర పిలుస్తున్నడు. బందూకుల కితాబు గూడ తెమ్మన్నడు," అన్నాడు.

ఆనాటి పెద్దదొర పోయి చాలా కాలమైంది. ఇప్పుడు గడీలో ఉన్నది అతని కొడుకు. అతనికి పుస్తకాల సంగతి ఎవరు చెప్పారో, ఎందుకు పిలుస్తున్నాడో తెలియదు. చంద్రవ్వ కొంగు బిగించుకుని గుమ్మంలోకి వచ్చింది. "నేనొస్త," అంది.

"నువ్వెందుకు?"

"ఊకె వస్త."

బీరయ్య తెచ్చిన బండిలోనే ముగ్గురూ పోయారు. గడీ వాకిట్లో ఆమెను గుమ్మం అవతలే ఆపేశారు. అక్కడి నుంచి లోపలి వసారా కనపడుతుంది. చిన్నదొర పట్టెమంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన తూటాల డబ్బా మూత తీసి ఉంది. ఒళ్ళో తుపాకి.

"ఏందిరా అబ్రాహామూ, బందూకుల గురించి నీకు మస్తు ఎరుకనట గద! మా తాత కాలంల బిలాతి సంది వచ్చిందిది. ఎప్పటిదో, ఎంత పేరున్నదో చూసి చెప్పు. పై వారం గాంధారి జంగల్ల షికారుకు సర్కారు పెద్ద సాబు వస్తున్నడు. ఆయనకు చెప్పుకోవాలె."

అబ్రాహాము తుపాకి అందుకున్నాడు. పలకమీద జింక అంత దూరం నుంచి కూడా చంద్రవ్వకు మెరిసింది. అతను గొట్టాలను కీలు దగ్గర కిందికి వంచి, లోపల ఖాళీగా ఉన్నాయని చూసి, మళ్ళీ మూశాడు. ఘోడాను సగం ఎత్తాడు.

"జర పైలం సాబు," అన్నాడు వెనక నిలబడ్డ బీరయ్య, మామూలుగా. "కింద గట్టిగ పెట్టకు. దానికి మొదటిసంది గా గుణమున్నది. అందుకే పెద్దదొర ఎన్నడు దాన్ని బుజానికి ఏసుకోకపోతుండె. మమ్ములనే మొయ్యమంటుండె."

అబ్రాహాము తలెత్తి అతన్ని చూశాడు. తర్వాత తుపాకి మడమను గచ్చుమీద తట్టాడు. మెల్లగానే. ఘోడా టక్కుమని పడింది.

మళ్ళీ ఎత్తాడు, తట్టాడు. పడింది.

అతని చూపు తూటాల డబ్బా మీద పడడం చంద్రవ్వ చూసింది. అక్కడే ఆగిపోయింది ఆ చూపు. దొర మీసం దువ్వుకుంటూ నవ్వుతున్నాడు. ఆమె మర్యాద సంగతి మరిచిపోయి గుమ్మం అవతలి నుంచే గట్టిగా అరిచింది: "ఇగో, పొద్దుగూకుతున్నది! మీ అవ్వ ఒక్కతే ఉన్నది ఇంట్ల!"

అబ్రాహాము నిద్రలోంచి లేచినవాడిలా కళ్ళు ఆర్పాడు. తుపాకిని మంచం మీద పెట్టాడు, గొట్టాలు గోడవైపు తిప్పి.

"మంచి పేరున్న బందూకే దొరా. అరవై ఏండ్ల కిందటిది. కాని దీన్ని నింపకుండ్రి. లోపల గాటు అరిగింది. మనుషుల పానం తీస్తది."

"దీంతోని మా నాయిన పులులను కొట్టిండురా. నువ్వు దవాఖానల సీసాలు కడిగేటోనివి," అన్నాడు దొర. కోపం కూడా లేదు ఆ గొంతులో. "అడిగింది చెప్పినవు గద, ఇగ పో."

ఇంటికి వచ్చాక అబ్రాహాము తల్లి హన్మవ్వ ముందు కూర్చున్నాడు. ఆమెకు ఆ పుస్తకాలంటే గిట్టదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తెరిచి చూడలేదు. గడీలో జరిగిందంతా ఆమెకు చెప్పాడు.

"అంటే కావాలని కొట్టలె," అంది ముసలామె.

"కొట్టలె అవ్వా. కాని గది అట్ల పేలుతదని ఆయనకు ఎరుకే. ఎరుక ఉండి గూడ షికారుకు తెచ్చిండు. తను మోసుకోలె, మనోళ్ళతోని మోపిచ్చిండు."

హన్మవ్వ ఏడవలేదు. పొయ్యిలో కట్టె లోపలికి తోసింది. "పై వారం షికారంటివి గద. హాకకు పోయేటోళ్ళకు ఎవరు చెప్తరు?"

గాంధారిలో హాకా కొట్టేవాళ్ళలో చంద్రవ్వ అక్క లింగవ్వ పెనిమిటి కూడా ఉన్నాడు. అబ్రాహాము పోయి చెబితే దొరకు ఇట్టే తెలిసిపోతుంది. ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, ఆ పుస్తకాల పేరు చెప్పి జైల్లో వేయించినా దిక్కు లేదు. చంద్రవ్వ ఆ రాత్రి కన్ను మూయలేదు. తెల్లవారి లేచి, గార్డు దగ్గర కొన్న పుస్తకాన్ని పాతచీరలో చుట్టి, గంపలో అడుగున పెట్టి, పైన చింతపండు పోసింది.

"ఏం చేస్తున్నవు?" అన్నాడు అబ్రాహాము.

"అక్కను చూసొస్త. సుట్టపుచూపుకు పోయేటిదాన్ని ఎవడడుగుతడు?"

అడిగేవాడు ఉంటాడనే ఆమె భయం. గాంధారి దారిలో ఎదురైన ప్రతి టోపీ ఆమెకు పోలీసు టోపీలాగే కనిపించింది. తండా దగ్గర ఒక జవాను నిజంగానే బండి ఆపి గంపలో చెయ్యి పెట్టాడు. పిడికెడు చింతపండు తీసి నోట్లో వేసుకుని పోనిచ్చాడు. ఊరు వచ్చేదాకా ఆమె గంపను ఒళ్ళోంచి దించలేదు.

లింగవ్వ ఇంట్లో హాకావాళ్ళ పెళ్ళాలంతా పోగయ్యారు. చంద్రవ్వకు ఒక్క అక్షరం రాదు. బస్సులో మొగుడు చెప్పింది చెప్పినట్టు, బొమ్మమీద వేలు పెట్టి చెప్పింది. మైసన్న చావు ఆ ఊళ్ళో అందరికీ తెలిసిందే. తుపాకి లోపల ఏముంటుందో మాత్రం ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఆ బొమ్మను ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు.

"పోకుంటె ఇండ్లు కూలగొడతడు దొర," అంది రామవ్వ అనే పెద్దామె. "మొగోళ్ళు పోమని చెప్పగల్గుతరా?"

"పోమని ఎవరు చెప్పమన్నరు?" అంది చంద్రవ్వ. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. "చలిజరం వచ్చిందని చెప్పుండ్రి. గా పొద్దు దవాఖానకు రమ్మనుండ్రి."

షికారు రోజు పొద్దున్నే ఎల్లారెడ్డి దవాఖాన ముందు రెండు బండ్లు ఆగాయి. మొగవాళ్ళందరూ గొంగళ్ళు కప్పుకుని, మూలుగుతూ దిగారు. డాక్టరమ్మ పల్లెల్లో రోగులను చూడడానికి పోయింది. అబ్రాహాము ఒక్కడే ఉన్నాడు. గడగడా సీసాల్లో క్వినైను నీళ్ళు పోస్తూ అందరినీ వరసగా పడుకోబెట్టాడు. చంద్రవ్వ వాకిట్లో నిలబడి దారి చూస్తోంది. మూలుగుల్లో ఒకటి మరీ ఎక్కువైతే, "జర తక్కువ చెయ్యి బావా," అని కసిరింది.

ఆమె భయపడ్డట్టే బీరయ్య వచ్చాడు, చేతిలో కర్రతో. "హాకోళ్ళు ఒక్కడు రాలె. నిజంగ జరమో కాదో చూసి రమ్మన్నడు దొర."

అతను లోపలికి నడిచి, లింగవ్వ పెనిమిటి సిద్దిరాములు నుదుటిమీద చెయ్యి పెట్టాడు. ఆ నుదురు చల్లగా ఉందని గదిలో అందరికీ తెలుసు. మూలుగులు ఆగిపోయాయి. సీసా పట్టుకున్న అబ్రాహాము చెయ్యి గాలిలో ఉండిపోయింది.

బీరయ్య చెయ్యి తియ్యలేదు. అబ్రాహాము వైపు చూశాడు. "నిన్న గడీకాడ నేను గూడ దాన్ని తట్టి చూసిన సాబు," అన్నాడు మెల్లగా. "ఇన్నేండ్ల సంది నా చెవు పక్కన్నే పెట్టుకుని మోస్తున్న. ఎన్నడు గట్ల ఆలోచన చెయ్యలె."

తర్వాత బయటికి వినపడేలా గొంతు పెంచాడు. "అబ్బ, కాలిపోతున్నది! నాకు గూడ పొద్దటి సంది ఒళ్ళు ఒక తీరుగున్నది. ఒక సీస ఇయ్యిండ్రి."

షికారు ఆగిపోయింది. అడవికి పోలేక గడీలోనే కూర్చున్న పెద్దసాబు, పొద్దుపోక ఆ తుపాకి చేతిలోకి తీసుకున్నాడట. ఘోడా ఆయన వేలిమీదే పడిందట. "దీన్ని బాగుచేయించేదాక ఎవరికీ ఇవ్వొద్దు," అని గట్టిగా కేకలేసి పోయాడని, తుపాకిని తానే లష్కరు బజారుకు మోసుకుపోతున్నానని బీరయ్య వచ్చి చెప్పాడు. తూటాలు లేకుండా, అని నవ్వాడు.

అయినా చంద్రవ్వ భయం అంత తొందరగా పోలేదు. వానాకాలమంతా చెప్పుల చప్పుడుకు ఉలిక్కిపడుతూనే ఉంది. అమీను రాలేదు. దొర రెండుసార్లు దవాఖాన ముందు నుంచి బండిమీద పోయాడు, లోపలికి చూడలేదు. అతనికి తెలుసో తెలియదో వాళ్ళకు ఎప్పటికీ తెలియలేదు. అబ్రాహాము సికింద్రాబాదు పోయి మందులు మాత్రమే తెచ్చాడు. ఆ తర్వాత ఒకసారి పాత కోటల ఫిరంగుల పుస్తకం తెచ్చాడు. చంద్రవ్వ తిట్టింది. తిట్టి, పెట్టెలో వేపాకు మార్చింది.

ఒక మధ్యాహ్నం ఆమె పుస్తకాలు ఎండబెడుతుంటే హన్మవ్వ వచ్చి పక్కన చతికిలబడింది.

"గది ఏదో నాకు చూపెట్టు," అంది.

చంద్రవ్వ పేజీ తీసి, పలక లోపలి చిన్న ముక్కను వేలితో చూపించింది. ముసలామె కళ్ళు చికిలించి, బొమ్మను మొహానికి దగ్గరగా పట్టుకుంది. బియ్యపుగింజకంటే కొంచెం పెద్దదిగా ఉంది ఆ ముక్క.

"గింతనేనా?" అంది.

"గింతనే అత్తా."

హన్మవ్వ చాలాసేపు ఆ బొమ్మమీద చెయ్యి తియ్యలేదు.