ఇల్లు మారని నెలలు

కోయంబత్తూరు శివారు వడవళ్లిలో మా నాన్నగారు కట్టిన పెంకుటిల్లు అమ్మేద్దామని నేనూ నా భార్య నాచమ్మా ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, అనుకున్నాం. కోయంబత్తూరులో మేముండే చోటి నుంచి పేరూరు గుడికి రెండు బస్సులు మారాలి. నాచమ్మ మోకాళ్లు అరిగిపోయి బస్సు మెట్టు ఎక్కడమే కష్టమైంది. రోజూ పొద్దున్నే నడిచి వెళ్లి అక్కడి పట్టీశ్వరస్వామిని చూసుకోవాలన్నది తప్ప ఆమె నన్నెప్పుడూ ఏమీ కోరలేదు. ఆ గుడి రథవీధిలో రెండు గదుల ఇల్లొకటి అమ్మకానికి వచ్చింది. ఆ ఇంటి యజమానురాలు పొన్నమ్మాళ్, “సంక్రాంతికి తై నెల పుట్టేదాకా ఆగుతాను. తర్వాత ఎవరడిగితే వాళ్లకిచ్చేస్తాను” అంది. మా పెంకుటిల్లుకు బేరం కూడా కుదిరింది. కాని కొనేవాడికి ఇల్లు ఖాళీగా కావాలి.

ఆ ఇంట్లో తంగమణి, ఆమె భర్త కదిర్వేల్ చాలా ఏళ్లుగా అద్దెకుంటున్నారు. సంగతి చెబుదామని వెళ్లాను.

“ఆడిలో ఇల్లు మారమంటున్నారా అన్నా? ఇంత ఆచారమున్న మీరు?” అంది తంగమణి బుగ్గ మీద వేలు పెట్టుకుని.

నిజమే కదా అని సిగ్గుపడి వచ్చేశాను. తర్వాతి నెల ఆవణిలో వెళితే ఆమె మామగారి సంవత్సరీకం ఆ ఇంట్లోనే జరగాలంది. పురట్టాసి పెరుమాళ్ల నెల, గడప దాటకూడదంది. ఐప్పసిలో, “దీపావళి ముందు పొయ్యి కదుపుతామా అన్నా?” అంది. వెళ్లిన ప్రతిసారీ కాఫీ ఇచ్చేది, నాచమ్మకు పూలు పంపేది. ఆమె చెప్పినవన్నీ నేనూ నమ్మేవే. కాదనడానికి నోరు రాలేదు.

“నువ్వు ఖాళీ చేయించడానికి వెళుతున్నావా, పంచాంగం చెప్పించుకోవడానికా?” అంది నాచమ్మ.

కార్తిగ నెల చివర్లో ఒకరోజు చెప్పకుండా పొద్దున్నే వెళ్లాను. వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. లోపల గ్రైండరు తిరుగుతోంది. తంగమణి మోచేతుల దాకా ఇడ్లీపిండి. నన్ను చూసి గరిటె వెనక్కి దాచుకుంది.

“అన్నా, వ్యాపారం పెట్టకూడదన్నారు మీరు. చెప్పలేదు...”

“అది పోనీ అమ్మా. ఈ గ్రైండరు ఇంకో ఇంట్లో తిరగదా?”

“తిరుగుతుంది. నీళ్లో?” అంది. “ఇక్కడ కొళాయిలో శిరువాణి ఏటి తియ్యటి నీళ్లు. మేం చూసిన ఇళ్లన్నిటికీ బోరు నీళ్లే. ఒకచోట రుబ్బి చూశాను కూడా. ఇడ్లీ ఇటుకలా వచ్చింది. ఈయన లేతు మిషను పని మూణ్ణెల్లుంటే మూణ్ణెల్లుండదు. నా పిండి చెడితే మా పొయ్యి వెలగదన్నా.”

“మరి ఇన్నాళ్లూ దేవుణ్ణెందుకు అడ్డం పెట్టావు తల్లీ?”

“ఆయన పేరు చెబితే మీరు కాదనరని” అంది తల వంచుకుని.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. నీళ్ల మాట చెప్పుకోవడానికి ఆమెకు నా దగ్గర చనువు లేకపోయింది, దేవుడి దగ్గర ఉంది. ఇందులో తప్పు ఆమెదా, నాదా? ఇంటికి వచ్చేదాకా బస్సులో అదే ఆలోచన.

మర్నాటి నుంచి ఇళ్ల వేట నేనే మొదలుపెట్టాను. ఖాళీ ఇల్లు కనిపిస్తే చాలు, లోపలికి వెళ్లి కొళాయి విప్పి గ్లాసెడు తాగడం. “ఇల్లు చూడరా సార్?” అని ఒకాయన అడిగాడు. “చూశానండీ, ఉప్పగా ఉంది” అన్నాను. ఆయన మా ఇంట్లోవాళ్లకెవరికైనా ఫోను చేసి చెప్పాలనుకున్నాడేమో, అలా చూశాడు.

ఆఖరికి మా పెంకుటింటికి వెనక రెండో వీధిలోనే దొరికింది. తియ్యటి శిరువాణి నీళ్లు, వెనక వసారా. ఆ ఇంటాయన మాత్రం, “రేపు వచ్చి పాలు పొంగించుకుంటే మీ వాళ్లకే. లేదంటే ఎల్లుండి ఇంకొకరు వస్తున్నారు” అన్నాడు.

తంగమణి వెళ్లి చూసి, దోసిలితో నీళ్లు తాగి, “రేపే వచ్చేస్తామన్నా!” అంది.

“రేపా? ధనుర్మాసం, మార్గళి పుట్టింది కదమ్మా! మార్గళిలో ఎవరైనా కొత్తింట్లో పాలు పొంగిస్తారా?” అన్నాను.

కదిర్వేల్ నవ్వేశాడు. “అన్నా, ఆడి నుంచి నెలలన్నీ మేమే వాడేశాం. మాకు మిగిలింది ఇదొక్కటే.”

వద్దంటే ఆ ఇల్లు పోతుంది, దాంతో నాచమ్మ పేరూరూ పోతుంది. సరేనంటే నా స్వార్థానికి ఒక సంసారాన్ని చెడ్డ నెలలో కదిలించినవాణ్ణవుతాను. ఆ సాయంత్రం పేరూరు వెళ్లి స్వామి ముందు నిలబడ్డాను. హారతి ఇచ్చారు, గంట మోగింది. అంతకుమించి నాకేమీ తెలియలేదు.

ఇంటికొచ్చి నాచమ్మను అడిగాను.

“మార్గళి చెడ్డ నెలని ఎవరన్నారు?” అంది. “దేవుడి పని ఉంటుంది కాబట్టి మన పనులు పెట్టుకోవద్దన్నారు. తెల్లారకముందే ఆయనకు పొంగలి పెడతాం. ఆమె పెట్టేది ఇడ్లీ. ఆకలికి ఏ నెలయితేనేం?”

పెద్దలు వింటే ఏమంటారోనన్న శంక నాలో ఇంకా ఉంది. అయినా చీకటితోనే స్నానం చేసి బయల్దేరాను. కొత్తింటి గడపలో తంగమణి పెద్ద ముగ్గు వేసింది. పాలు పొంగాయి, తూర్పు వైపుకే. గ్రైండరును నేనూ కదిర్వేలూ చెరో వైపు పట్టి మోశాం. మధ్యాహ్నానికల్లా పెంకుటింటి తాళం నా చేతిలో ఉంది.

ఆ సంతోషంలో నాచమ్మను ఆటోలో పేరూరు తీసుకెళ్లాను. దర్శనమయ్యాక పొన్నమ్మాళ్ ఇంటికి వెళ్లాం.

“మా ఇల్లు ఖాళీ అయిందమ్మా. తై పుట్టగానే రిజిస్ట్రేషన్. మీకు అభ్యంతరం లేకపోతే మేం ఈ వారమే సామాను తెచ్చుకుంటాం” అన్నాను.

“ఈ వారమా?” పొన్నమ్మాళ్ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. “మార్గళిలో ఇల్లు మారతారా అన్నా? నుదుట విభూతి పెట్టుకుని మీరే ఇలా మాట్లాడితే ఎలా?”

నేను ఏదో చెప్పబోయాను. నాచమ్మ నా మోచేయి గట్టిగా నొక్కి, “మా ఆయనకు తెలీదులే అక్కా, తైలోనే వస్తాం” అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.