పడని వాన అరవై నాలుగు మిల్లీమీటర్లు

"మా ఊరి కరువును మింగేసింది మీరే, రాయుడప్పా. మీరూ ఆ ఆఫీసోళ్లూ కలిసి మింగినారు. పడని వానను పడిందని మీరు సాటిస్తిరి, వాళ్లు రాసుకొంటిరి. ఇప్పుడు నా ఆవులకు కసువు యాడుండాది?"

పుంగనూరులో పేదలకు ఉచితంగా అన్నం పెట్టే ట్రస్టు భోజనశాల వసారాలో నిలబడి తిమ్మక్క ఈ మాట అడిగేసరికి లోపల రెండో పంక్తి నడుస్తోంది. సాంబారు బకెట్టు పట్టుకున్న మనిషి ఆగిపోయాడు. తింటున్నవాళ్లలో తిమ్మక్క ఊరివాళ్లే పదిమంది దాకా ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. కలుపుకున్న అన్నాన్నే మళ్లీ మళ్లీ కలుపుతూ కూర్చున్నారు.

ట్రస్టు మేనేజరు సుబ్బరాయుడికి కోపం రాలేదు. ఆయనకు ఎప్పుడూ రాదు, అదే ఆయనతో చిక్కు. తిట్టేవాడైతే తిరిగి తిట్టొచ్చు. ఆయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, ముందు రెండు ముద్దలు తినమన్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ట్రస్టువాళ్లదే అయిన కుప్పం గోశాలకు ఆవులను స్వచ్ఛందంగా దానం చేస్తున్నట్టు రాసిన కాగితం. సోమవారం పొద్దున్నే లారీ వస్తుందని, సంతకం పెట్టి ఇస్తే చాలని, అక్కడ ఆవులకు నీడకూ మేతకూ కొదవ లేదని నిదానంగా చెప్పాడు. ఒకసారి ఇస్తే మళ్లీ తోలుకుపోవడం ఉండదని మాత్రం కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. తిమ్మక్క చదివింది నాలుగో తరగతే అయినా చిన్న అక్షరాలే ముందు చదువుతుంది.

"ఆడ మీ గోశాలలో ఆవులు తినే కసువు ఎవరిచ్చేది?"

"సర్కారు సాయం చేస్తాంది కదమ్మా, దాతలుండారు."

"సర్కారు కసువు నా ఆవులు కుప్పంలో తినొచ్చు, నా కొట్టంలో తినగూడదు. అంతే కదప్పా?"

సుబ్బరాయుడు నవ్వి కాగితాన్ని మడిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తినకుండానే వచ్చేసింది.

తిమ్మక్కకు ఉన్నది రెండు పొట్టి ఆవులు, ఒక పెయ్య. నడుమెత్తు కూడా లేని పుంగనూరు జాతి. వాటి పాల మీదే ఇల్లు జరుగుతోంది. వేరుశనగ నిలువునా ఎండిపోయింది, పశువులకు వేసే కట్టె కూడా చేతికి రాలేదు. ఊరు కరువు జాబితాలో ఉంటే మేత డిపో పెడతారు. పక్క మండలాల్లో పెట్టారు కూడా. తిమ్మక్క ఊరు ఎర్రబండపల్లె మాత్రం జాబితాలో లేదు. ఎందుకు లేదంటే అక్కడ వాన పడింది. ఒకే రోజు అరవై నాలుగు మిల్లీమీటర్లు. ప్రభుత్వ లెక్కల్లో అలాగే ఉంది.

ఆ వాన ఎలా పడిందో ఊరంతటికీ తెలుసు.

తిమ్మక్క చేను గట్టున ఒక యంత్రం ఉంది. ఇనుప స్తంభం, దాని మీద ఎండతో కరెంటు చేసుకునే అద్దం పలక, పక్కన నోరు తెరుచుకున్న గరాటు. గరాటులో పడిన నీళ్లను లోపలున్న చిన్న తొట్టి కొలిచి ఒంచేస్తుంది. ఎంత ఒంచిందో గంట గంటకూ పైనున్న ఉపగ్రహానికి చెబుతుంది. రాకెట్లు ఎగరేసే శాఖ సొమ్ముతో పెట్టినది. గరాటులో ఆకులు తీయడానికీ, పలక తుడవడానికీ తిమ్మక్కను పెట్టారు, ఏదో నెలకింత అని. చుట్టూ కంచె మూడేళ్ల కిందట పడిపోయింది. కంచె వేయమని ఆమె ఆరు అర్జీలు పెట్టింది. బడ్జెట్టు రాలేదన్నారు. చందమామ దాకా పోయేదానికి దారి ఉంది, పుంగనూరు నుంచి ఎర్రబండపల్లె దాకా నాలుగు రాతి కూసాలు తెచ్చేదానికి లేదు.

శ్రావణంలో ట్రస్టువాళ్లు వాన కోసం యాగం చేయడానికి ఊరికి వచ్చారు. సుబ్బరాయుడు మైకు పట్టుకుని, రాకెట్లకు తగలేసే సొమ్ముతో ఎన్ని ఊళ్లకు అన్నం పెట్టవచ్చో, ఎన్ని గోవులను కాపాడవచ్చో అరగంట చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. తిమ్మక్క కూడా కొట్టింది. తర్వాత నూటొక్క చెంబుల అభిషేకం ఎక్కడ చేయాలన్న మాట వచ్చింది. ఆ ఊళ్లో పనిముట్టు ఏదైనా పూజ తప్పదు. నాగలికి బొట్టు, బోరు మోటారుకు బొట్టు, బస్సుకు నిమ్మకాయలు. ఏటా దసరా నవమి నాడు తిమ్మక్క ఆ యంత్రానికీ పసుపు రాసి కుంకుమ పెట్టేది. అప్పుడు ఒక ముసలామె అంది, ఆ కంబం ఆకాశంతో మాట్లాడుతుంది కదా, మన మొర దాని నోటితోనే పంపిద్దామని. మాట అందరికీ నచ్చింది. సుబ్బరాయుడికి ఇంకా నచ్చింది. ఫోటోగ్రాఫరును దగ్గరికి పిలిచాడు. యంత్రాన్ని చూసుకునేది తిమ్మక్క కాబట్టి మొదటి చెంబు ఆమెకే ఇచ్చారు.

పోసింది. గరాటు నిండా పోసింది. కళ్లు మూసుకుని, రెండు చేతులతో. ఆమె వెనుక నూరుమంది పోశారు. బంతిపూలూ అక్షింతలూ గరాటు గొంతుకు అడ్డం పడి చాలా నీళ్లు బయటికే పొర్లిపోయాయి. లేకుంటే ఎర్రబండపల్లెలో ఆ రోజు సముద్రమే పడిందని రాసుకునేవాళ్లు.

రెండో రోజు పుంగనూరు బస్టాండులో ఫ్లెక్సీ లేచింది. యాగం ఫలించిందని, అరవై నాలుగు మిల్లీమీటర్లు పడిందని, ప్రభుత్వ యంత్రమే సాక్ష్యమని. రాకెట్టును తిట్టిన నోటితోనే సుబ్బరాయుడు ఉపగ్రహం అబద్ధం చెప్పదన్నాడు. ఊరివాళ్లు మొదట నవ్వుకున్నారు. తమ మీద ఒక్క చుక్క పడలేదు, ఊరి పేరు మాత్రం ఫ్లెక్సీలో తడిసిపోయిందని ఎగతాళి చేసుకున్నారు. జాబితా వచ్చాక నవ్వు ఆగిపోయింది.

ట్రస్టుకు పోవడానికి ముందే తిమ్మక్క పుంగనూరు మండలాఫీసుకు పోయింది. అక్కడ గుమాస్తా రెడ్డెప్ప కంప్యూటరు తిప్పి చూపించాడు. ఆ అంకె పైనుంచి వస్తుందని, తాను వేలు పెట్టేదానికి లేదని, కావాలంటే మదనపల్లెకు పొమ్మని చెప్పాడు. ఇంత ఖర్చు పెట్టి ఎగరేసినది తప్పు చెబుతుందా అని పక్క టేబులాయన అడిగాడు. 

ట్రస్టులో మాటలయ్యాక శుక్రవారం మదనపల్లె బస్సెక్కింది. అక్కడ కరువు జాబితా చూసే ఆఫీసరు కమలాక్షి. అలిసిపోయిన ముఖం, మంచి మనిషి. అంతా విన్నది. ఆ రోజు వాన పడలేదని ఊళ్లో ఐదుగురు పంచనామా కాగితం మీద సంతకాలు పెడితే, వాన లేకుండా యంత్రంలోకి నీళ్లు ఎలా వచ్చాయో రాసిస్తే, పైకి పంపుతానంది. కాగితం ఇచ్చాక గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. ప్రభుత్వ యంత్రంలో నీళ్లు పోశామని రాస్తే అది నేరం. పోసినవాళ్ల మీద కేసు పెట్టాల్సి వస్తుంది. మొదట కాపలా ఉన్న మనిషి మీదే.

తిమ్మక్క కాగితం మడుచుకుంది. సుబ్బరాయుడి కాగితం ఒక పక్క, ఈ కాగితం ఒక పక్క. ఇంటికి వస్తూ బస్సులో రెండింటినీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాన పడిందంటే ఆవులు పోతాయి. పడలేదంటే తాను పోతుంది.

శనివారం, ఆదివారం ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ తలుపు వేయలేదు, లోపలికి పిలిచి కూర్చోబెట్టి మరీ కాదన్నారు. ఒకాయన, వాన పడలేదని రాస్తే యాగం ఉత్తదని రాసినట్టే కదా, రేపటినుంచి ఏ ముఖం పెట్టుకుని ఆ పంక్తిలో కూర్చునేది అన్నాడు. పంట పోయాక ఆ పూటకూడు తప్ప ఆయనకు ఇంకేమీ లేదు. ఆ మాట ఆయన సిగ్గుపడుతూనే చెప్పాడు. ఇంకొకామె దేవుడికి కోపం వస్తుందంది. ఇంకొకడు కేసుకు భయపడ్డాడు. అన్నం పెట్టే చెయ్యి నోటినీ మూస్తుందని తిమ్మక్కకు ఆ రెండు రోజుల్లో తెలిసొచ్చింది. వాళ్ల మీద కోపం కూడా తెచ్చుకోలేకపోయింది. ఆకలి మీద ఎవరు కోప్పడతారు?

రాకెట్టు వద్దని ఆమె అనలేదు. అన్నం పెట్టొద్దనీ అనలేదు. రెండింటికీ పోయేది జనం సొమ్మే, అందులో ఆమె కొన్న అగ్గిపెట్టె మీద పన్ను కూడా ఉంది. అటువాళ్లు ఆకాశం చూపిస్తారు, ఇటువాళ్లు పుణ్యం చూపిస్తారు. ఎర్రబండపల్లె చేనులోకి దిగి, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అని కాలితో తొక్కి చూసినవాడు ఈ రెండు గుంపుల్లోనూ ఒక్కడూ లేడు.

సోమవారం పొద్దున లారీ వచ్చింది. కొట్టం ముందు నిలబెట్టి వెనక తలుపు పలక దించారు. తిమ్మక్క మొగుడు మునస్వామి పలుపులు చేతికి తీసుకుని, లారీకీ ఆవులకూ మధ్య నిలబడి ఉన్నాడు. పెద్దావు ఖాళీ మేత గాడిలో మూతి పెట్టి నాకుతోంది. అందులో నిన్నటి నుంచీ ఏమీ లేదు.

"ఇచ్చేద్దాం మే," అన్నాడు మునస్వామి. "యాడో ఒకచోట బతికుంటాయి. మన కండ్ల ముందర సస్తే సూడలేను."

 తిమ్మక్క ఇంట్లోకి పోయి గోడకు అంటించిన ట్రస్టు కరపత్రం పీకింది. రంగుల బొమ్మలో ఆమే ఉంది. కళ్లు మూసుకుని, రెండు చేతులతో చెంబు పట్టుకుని, గరాటులోకి నీళ్లు పోస్తూ. కింద తారీకు, అదే అరవై నాలుగు నాడు. వెనక ఆకాశం గిన్నె తోమి బోర్లించినట్టు ఉంది, మబ్బు తునక లేదు. ఇన్ని దినాలూ ఆ బొమ్మ కళ్ల ముందే వేలాడుతోంది. యాగం గొప్ప చాటుకోవడానికి వాళ్లే అచ్చు వేసి పంచారు.

"నేను వచ్చేదాకా ముడి ఇప్పద్దు," అని మొగుడికి చెప్పింది. "నా సంతకం లేంది వాళ్లు పలక మీదికి ఎక్కించుకోలేరు."

లారీ డ్రైవరు ఎంతసేపని అడిగాడు. ఆమె అప్పటికే రోడ్డు మీదికి పోయింది.

మదనపల్లెలో కమలాక్షి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. తిమ్మక్క టేబులు మీద మూడు కాగితాలు పరిచింది. సంతకం లేని దానపత్రం, ఒక్క పేరూ లేని పంచనామా, కరపత్రం. వేలితో బొమ్మను పొడిచి చూపించింది.

"ఇది నేనే మేడం. నీళ్లు పోసింది నేను. మొదటి చెంబు నాది."

కమలాక్షి ఫోను కింద పెట్టింది. తలుపు వైపు చూసి, ఈ మాట ఆఫీసుల్లో ఇంకెవరికైనా చెప్పావా అని అడిగింది. చెప్పకపోతే ఇప్పటికైనా ఇంటికి పొమ్మంది. కేసు రాస్తే కాపలా పని పోతుంది, స్టేషనుకు తిరగాలి, ఏడాదో రెండేళ్లో పడుతుంది, ఆ లోపల అంకె మారుతుందన్న నమ్మకం కూడా తనకు లేదని ఉన్నదున్నట్టు చెప్పింది. ఇద్దరు గుమాస్తాలు లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు.

"ఉపగ్రహం అబద్ధం సెప్పలేదు మేడం," అంది తిమ్మక్క. "దాని సెవిలో మేం పోసిందే అది సెప్పింది. ఊర్లో ఎవురూ సంతకం పెట్టరు, వాళ్ల కడుపు ఆడుండాది. మీరు వచ్చి సూడరు, మీ బడ్జెట్టు రాలేదు. ఇంగ వాన పడలేదని రాసే సర్కారు కాయితం ఒకటే ఉండాది, అది నా మీద కేసు. వాన పడింటే నేను పోసింది తప్పెట్లయితాది? నేను పోసింటే ఆపొద్దు వాన యాడుండాది? రెండిట్లో ఒకటి రాయండి."

కమలాక్షి పెన్ను తీసుకుంది గానీ మూత తీయలేదు. తిమ్మక్క ఆ మూత వైపే చూస్తూ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంటి దగ్గర లారీ పలక దించే ఉంది.

"నా పేరు తిమ్మక్క, ఎర్రబండపల్లె. రాసుకోండి. నా మీద కేసు పెట్టండి. పెట్టి ఆ అరవై నాలుగు కొట్టేయండి. గరాటు సుట్టూ కంచె కట్టండి, మీరో మీ పైనోళ్లో వచ్చి నెలకొకతూరి మా నేల తొక్కి సూడండి. కుప్పం లారీని ఖాళీగా తిప్పి పంపమని ఇప్పుడే ఫోను సేయండి. ఆడ దించే కసువు మా ఊర్లో దించండి. రేపు గాదు మేడం. నా ఆవు ఈ పొద్దు తినల్ల."